ఇంటికి నక్షత్రాలు ఇచ్చేదెవరు?

దుకాణంలో ఏసీ కొనబోయేవారు ధర అడగడానికి ముందే దానిపై అతికించిన నక్షత్రాలను లెక్కపెడతారు. 2010 జనవరిలో ఈ ముద్ర తప్పనిసరి అయిన నాటి నుంచి అది క్రమంగా సామాన్యుడి వ్యవహారంలో భాగమైపోయింది. అయితే ఆ ఏసీని బిగించబోయే ఇంటి గురించి అటువంటి ప్రశ్న వేసేవారు అరుదు. వేల రూపాయల వస్తువుకు పరీక్ష, ముద్ర, పర్యవేక్షణ ఉన్నాయి. జీవితకాలపు సంపాదన ధారపోసి, ఇరవై ఏళ్లు వాయిదాలు చెల్లించి కొనే ఇంటికి మాత్రం నిర్మాణదారు చేతికిచ్చే రంగుల కరపత్రమే ఆధారం. వేసవిలో ఆ ఇల్లు ఎంత వేడెక్కుతుందో, చల్లబరచడానికి నెలకు ఎన్ని యూనిట్లు కాలుతాయో గృహప్రవేశం అయ్యాకే తెలుస్తుంది.

ఈ వెలితిని ప్రభుత్వం గుర్తించలేదని అనడానికి వీల్లేదు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002 మార్చి 1న ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. వాణిజ్య భవనాలకు 2007లో నియమావళి వచ్చింది. నివాస భవనాల వంతు రావడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 2018 డిసెంబర్ 14న, జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం నాడు, ‘ఎకో నివాస్ సంహిత’ మొదటి భాగం విడుదలైంది. మరుసటి ఏడాది ఇళ్లకు ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చే స్వచ్ఛంద పథకం మొదలైంది. 2022 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం పొంది, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. 100 కిలోవాట్లు, ఆపైన విద్యుత్ లోడు ఉండే నివాస సముదాయాలను సైతం నియమావళి పరిధిలోకి తీసుకువచ్చింది. ఆ పరిమితిని ఇంకా తగ్గించుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది.

చట్టం ఉంది, నియమావళి ఉంది, నక్షత్రాల పథకం ఉంది. గడప దాటి లోపలికి వెళ్లి, గోడ మందం కొలిచి, కిటికీ ఏ దిక్కుకు ఉందో చూసి, లెక్క కట్టి, ఆ లెక్క కింద బాధ్యతతో సంతకం చేసే మనిషే చాలినంతగా లేడు. అమెరికాలో అతణ్ని హోమ్ ఎనర్జీ రేటర్ అంటారు. తెలుగులో గృహ ఇంధన మదింపుదారు అనుకోవచ్చు.

దేశంలో ఇంధన తనిఖీ నిపుణులే లేరా అన్న సందేహం సహజం. ఉన్నారు. 2004 నుంచి బ్యూరో తరఫున జాతీయ స్థాయి పరీక్ష జరుగుతోంది. మొదటి మూడు పత్రాల్లో ఉత్తీర్ణులైనవారు ఎనర్జీ మేనేజర్లు, నాలుగో పత్రం కూడా పూర్తిచేసినవారు ఎనర్జీ ఆడిటర్లు. పరీక్ష సులువైనదేమీ కాదు. అయితే దాని దృష్టి ప్రధానంగా కర్మాగారంపైనే ఉంది. బాయిలర్లు, ఆవిరి గొట్టాలు, కొలుములు, కంప్రెసర్లు, మోటార్లు, పంపులు దాని పాఠ్యాంశాలు. భవనాల ప్రస్తావన ఉన్నా అది ఒక అధ్యాయమే. సిమెంటు కర్మాగారం, సూపర్ థర్మల్ కేంద్రం వంటి భారీ వినియోగదారుల దగ్గర పొదుపు సాధించడానికే చట్టం తొలుత పుట్టింది కనుక ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. ఇరుగుపొరుగున శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో సుస్థిర ఇంధన సంస్థలు తయారుచేసుకున్న ఆడిటర్ల వ్యవస్థలూ ఇంచుమించు ఇదే బాటలో నడిచాయి. కానీ దేశ విద్యుత్తులో సుమారు నాలుగో వంతు ఇప్పుడు ఇళ్లలోనే ఖర్చవుతోంది. బాయిలర్ సామర్థ్యాన్ని లెక్కించగల నిపుణుడు పడమటి గోడ నుంచి పడకగదిలోకి వచ్చే వేడిని కూడా లెక్కించగలడని ముందే అనుకోవడం సరికాదు.

ఆ లెక్క ఎటువంటిదో కొంత వివరంగా చూడాలి. సంహిత ప్రకారం గోడలు, కిటికీల ద్వారా ఇంట్లోకి చేరే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు. శీతల ప్రాంతాలకు కొలమానం వేరు. పైకప్పు గుండా ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్ల కంటే ఎక్కువ ఉష్ణం దిగకూడదు. ఏ పొరా లేని సాధారణ కాంక్రీటు శ్లాబులో ఈ విలువ మూడుకు పైనే ఉంటుంది. చివరి అంతస్తు ఫ్లాటు మే నెలలో రాత్రి పదకొండు గంటలకు కూడా ఎందుకు సెగలు కక్కుతుందో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకూ, అదే పనికి వాడే తేలికపాటి ఏఏసీ దిమ్మెల గోడకూ మధ్య తేడా కూడా రెండు రెట్లకు మించే ఉంటుంది. పూత పూశాక రెండూ కంటికి ఒకటే. కొనుగోలుదారు వాటిని వేరుచేసి చూడలేడు.

కిటికీల సంగతి మరింత ఆసక్తికరం. గాలి ఆడేందుకు తెరుచుకునే భాగం ఇంటి నేల విస్తీర్ణంలో ఎంత ఉండాలో వాతావరణ మండలాన్ని బట్టి నిర్ణయించారు. విజయవాడ, విశాఖపట్నం వంటి వేడి, తేమ కలిసిన ప్రాంతాల్లో అది ఆరో వంతు. మిశ్రమ వాతావరణం గల హైదరాబాద్‌లో ఎనిమిదో వంతు. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు కోస్తాలో సుమారు 167, హైదరాబాద్‌లో 125 చదరపు అడుగులన్నమాట. పక్కకు జరిపే రెండు రెక్కల కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే. నక్షాలో కిటికీ మొత్తాన్ని లెక్కలో వేసి నియమం పాటించామని చెప్పే అవకాశం అక్కడే ఉంది. శిక్షణ లేని తనిఖీదారు కాగితం చూసి సంతకం పెడతాడు. శిక్షణ పొందినవాడు కిటికీ తెరిచి చూస్తాడు. సన్‌షేడ్ ఎన్ని అంగుళాలు బయటికి వచ్చింది, అది పడమటి ఎండను ఆపుతుందా, దక్షిణపు ఎండకే సరిపోతుందా అన్నది కూడా అతని లెక్కలో చేరుతుంది. మన పెద్దలు ఇంటి ముందు వసారా, లోపల మండువా పెట్టి సాధించిన చల్లదనాన్ని ఈ కొలతలు అంకెల్లోకి తెస్తున్నాయంటే అతిశయోక్తి కాదు.

ఈ వృత్తిని ఇప్పటికే స్థిరపరచుకున్న దేశాల అనుభవం పరిశీలనకు తగినది. అమెరికాలో 1995లో ఏర్పడిన ‘రెస్‌నెట్’ అనే సంస్థ ఇళ్లకు హెచ్‌ఈఆర్‌ఎస్ సూచీ పేరిట అంకె ఇచ్చే ప్రమాణాలను నిర్వహిస్తోంది. 2006 నాటి ప్రమాణాలతో కట్టిన నమూనా ఇంటికి 100. వాడినంత ఇంధనాన్ని తానే ఉత్పత్తి చేసుకునే ఇంటికి సున్నా. అంకె తగ్గేకొద్దీ ఇల్లు మెరుగు. టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో కొత్త ఇళ్లు కొంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ అంకె సుపరిచితమే. దాన్ని ఇచ్చే మదింపుదారు గుర్తింపు పొందిన శిక్షకుల దగ్గర నేర్చుకోవాలి, జాతీయ పరీక్ష నెగ్గాలి. గ్యాస్ పొయ్యిలు, హీటర్ల నుంచి విషవాయువు వెలువడే ప్రమాదాన్ని పసిగట్టే పరీక్షలోనూ ఉత్తీర్ణుడు కావాలి. ఆపైన పర్యవేక్షణలో కనీసం ఐదు ఇళ్లను మదింపు చేయాలి. ధ్రువపత్రం అందాక కూడా నిఘా ఆగదు. ఏటా అతని నివేదికల్లో పదో వంతును కాగితం మీద, నూటికి ఒక ఇంటిని నేరుగా వెళ్లి మరొకరు తిరిగి పరిశీలిస్తారు.

బ్రిటన్‌లో ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ‘ఏ’ నుంచి ‘జి’ వరకు శ్రేణి తెలిపే ధ్రువపత్రం ఉండాలి. పదేళ్లు చెల్లే ఆ పత్రం అక్కడ వేల మందికి ఉపాధి చూపింది. అయితే తక్కువ రుసుముకు తక్కువ సమయంలో ముగించే తనిఖీల వల్ల శ్రేణులు నమ్మదగినవిగా ఉండటం లేదన్న విమర్శ కూడా అక్కడే బలంగా వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో పది నక్షత్రాల కొలమానం ఉంది. 2022 నాటి జాతీయ నిర్మాణ నియమావళి కొత్త ఇళ్లకు కనీస ప్రమాణాన్ని ఏడుకు పెంచింది.

వీటిలో దేన్నైనా యథాతథంగా దిగుమతి చేసుకుంటే ఫలితం ఉండదు. అమెరికా మదింపుదారుడి ప్రధాన పనిముట్టు తలుపుకు బిగించే పెద్ద ఫ్యాను. ఇంట్లోని గాలిని బయటికి లాగి, ఎక్కడెక్కడి సందుల్లోంచి లీకవుతోందో అది చూపుతుంది. చలికాలమంతా తలుపులు మూసుకొని హీటర్లతో బతికే ఇళ్లకు అది ప్రాణాధారమైన పరీక్ష. కిటికీలు తెరిచి, సీలింగ్ ఫ్యాను వేసుకొని, రాత్రి రెండు మూడు గంటలు మాత్రమే ఏసీ నడిపే ఇంట్లో దాని ప్రయోజనం స్వల్పం. ఇక్కడి మదింపుదారుకు పైకప్పు, నీడ, గాలివాటం ముఖ్యం. పాఠ్యప్రణాళిక ఇక్కడే తయారుకావాలి.

సామర్థ్యానికి కొరత లేదు. భారతీయ హరిత భవన మండలికి ఆధారమైన సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. ట్రిపుల్ ఐటీలో భవన విజ్ఞానంపై పరిశోధన సాగుతోంది. వాణిజ్య భవనాల నియమావళిని 2014 ఆరంభంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నోటిఫై చేసింది. తర్వాత తెలంగాణ దాన్ని ఆన్‌లైన్ అనుమతులతో జోడించి, మూడో పక్షం మదింపుదారులతో పరిశీలన జరిపించే పద్ధతికి శ్రీకారం చుట్టింది. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఆ కప్పును తప్పనిసరి చేసింది. యాదృచ్ఛికమో కాదో గానీ, సంహిత వర్తించే 500 చదరపు మీటర్లు కూడా ఇంచుమించు అంతే. సామాన్యుల ఇళ్లలో అత్యధికం ఈ రెండు గీతలకూ కిందనే ఉంటాయి.

మరి ఈ వృత్తి ఎందుకు వేళ్లూనలేదు? నక్షత్రాల పథకం స్వచ్ఛందం కావడంతో గిరాకీ లేదు. గిరాకీ లేదు కనుక శిక్షణకు ముందుకొచ్చేవారు తక్కువ. మదింపుదారులు లేనిదే తప్పనిసరి చేయలేమని అధికారులు, తప్పనిసరి చేయనిదే మదింపుదారులు రారని శిక్షణ సంస్థలు భావిస్తే, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్న సామెతే గుర్తుకొస్తుంది. 2019 మార్చిలో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ఏసీ మరమ్మతు రంగంలో లక్ష మంది సాంకేతిక సిబ్బందికి శిక్షణ, ధ్రువీకరణ లక్ష్యంగా పెట్టుకుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కోటి ఇళ్లపై సౌర ఫలకాలను ఉద్దేశించింది. మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఇస్తోంది. ఏసీ బాగుచేసేవారు, ఫలకం బిగించేవారు తయారవుతున్నారు. ఆ ఇంటికి అసలు ఎంత చల్లదనం, ఎన్ని కిలోవాట్లు అవసరమో ముందుగా చెప్పేవారు తయారుకావడం లేదు. ఎండ సెగ కొట్టే శ్లాబును అలాగే వదిలి దానిపై ఫలకాలు పరిస్తే రాయితీలో కొంత భాగం ఆ శ్లాబు వేడిని తోడిపోయడానికే ఖర్చవుతుంది. 2024 మే 30న దేశ విద్యుత్ గిరాకీ 250 గిగావాట్లకు చేరిన రోజున ఆ వేడి అంతటి మూల్యం గ్రిడ్ చెల్లించింది.

శిక్షణ కంటే కఠినమైన ప్రశ్న మరొకటుంది. మదింపుదారుకు రుసుము ఎవరు చెల్లించాలి? నిర్మాణదారు చెల్లిస్తే మదింపుదారు అతని మనిషి అవుతాడు. తక్కువ నక్షత్రాలు ఇచ్చినవాడికి మరుసటి వెంచరులో పని దొరకదు. కొనుగోలుదారు చెల్లించాలంటే ఇంటి ధర, రిజిస్ట్రేషన్ ఖర్చులకు ఇదొక భారం తోడవుతుంది. 2002 నాటి ఐరోపా ఆదేశం ధ్రువపత్రాలు స్వతంత్ర నిపుణులే ఇవ్వాలని చెప్పినా, స్వతంత్రత అంటే ఏమిటన్న చర్చ అక్కడ ఇప్పటికీ ముగియలేదు. రుసుమును నిర్మాణదారు నుంచి పురపాలక సంస్థ వసూలు చేసి, అర్హుల జాబితా నుంచి వంతులవారీగా మదింపుదారును కేటాయించడం ఒక మార్గం. నివేదికల్లో కొంత శాతాన్ని మరొకరితో తిరిగి తనిఖీ చేయించకపోతే అది కూడా మొక్కుబడిగా మారుతుంది.

మనుషుల కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఏటా పాలిటెక్నిక్‌ల నుంచి సివిల్, ఎలక్ట్రికల్ డిప్లొమాలతో వేలాది యువతీయువకులు బయటికొస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పడిన సచివాలయాల్లో ఇంజినీరింగ్ సహాయకులు, వార్డు ప్రణాళిక కార్యదర్శులు ఉన్నారు. ఇళ్ల నిర్మాణ దశలను చూడటం వీరిలో చాలామందికి నిత్యకృత్యమే. కొన్ని వారాల తరగతి పాఠాలు, పర్యవేక్షణలో కొన్ని ఇళ్ల మదింపు, కఠినమైన పరీక్ష కలిపితే వీరు ఆ పని చేయగలరు. ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు ఇంజినీరింగ్ అర్హతలు, అనుభవం అడగడం సబబే గానీ, రెండు పడకగదుల ఇంటిని కొలవడానికి అంతటి ద్వారబంధం అవసరం లేదు. పాఠ్యగ్రంథాలు ఆంగ్లంలో ఉండటం మరో అడ్డంకి. మదింపుదారు నిత్యం మాట్లాడవలసింది మేస్త్రీతో, ఇంటి యజమానురాలితో. ఏటా ఎండలు ముదరక ముందే డాబాపై సున్నం కొట్టించే మేస్త్రీకి ఆ పూత కింది గది ఎంత చల్లబడుతుందో అనుభవంలో తెలుసు. ఆ చల్లదనం ఎన్ని వాట్లో, ఎన్ని రూపాయలో అతనికి తెలుగులో చెప్పగల పాఠ్యపుస్తకాన్ని ఇంకా ఎవరో ఒకరు రాయాల్సి ఉంది.