దయ్యం చెప్పే సాక్ష్యం

కూలికి ప్రాణాలు తీసేవాడు కథానాయకుడు. వాని చేతిలో చచ్చినవారు దయ్యాలై తిరిగివచ్చి వానిని నిద్రపోనీయకపోవడం కథ. చదువుతున్నంతసేపూ భయమూ నవ్వూ ఒకదాని కొంగు ఒకటి పట్టుకొని రావడం దాని రుచి. ఇటువంటి నవలలకు ఇంగ్లీషులో ఆదరణ కలదు. చలనచిత్రాల మూలంగా ఆ రుచి మన యువకులకూ అలవడినది. ఈ జాతి పుస్తకానికి పాఠశాల గ్రంథాలయంలో చోటు ఉండవచ్చునా అని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వినవస్తవి. హత్యను చూచి నవ్వడమేమిటి, తీసి పారవేయండని ఒకటి. ఏదో కాలక్షేపం, చదువుకోనీయండని మరొకటి. రెండూ పుస్తకం తెరవకుండానే చెప్పదగిన సమాధానాలు. కనుక విద్యార్థికి రెండింటివల్లనూ ప్రయోజనం లేదు.

ఇటువంటి నవల మంచిచెడ్డలను తేల్చవలసినది అందులోని హంతకుని చూచి కాదు, అందులోని దయ్యాన్ని చూచి అని నా అభిప్రాయం. ఆ దయ్యం చచ్చినవాని పక్షాన నోరు విప్పుతున్నదా, లేక చంపించినవాని నేరానికి దుప్పటిగా పనికివస్తున్నదా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ పుస్తకాన్ని బడిలోనికి రానీయవచ్చును, లేదా గుమ్మం దగ్గరనే ఆపవచ్చును.

విడపనకల్లు వంటి చోట ఈ చర్చకు బరువు ఎక్కువ. గుంతకల్లుకూ బళ్లారికీ నడుమ, కన్నడదేశపు పొలిమేర దగ్గర ఉన్న ఈ ప్రాంతంలో పిల్లల చెవులకు రెండు భాషలూ చిన్ననాటనే పరిచయం. అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ తప్పిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరికి కూలికి పోగా, పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలిపోయే ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో. కూలి అన్న మాటకు అర్థం ఈ పిల్లలకు నిఘంటువు చూచి చెప్పనక్కరలేదు. రాయలసీమ పల్లెలను ముఠాకక్షలు దశాబ్దాల తరబడి పీడించిన సంగతి కూడ వారికి పెద్దల నోట వినికిడే. కక్షలు నడిపినవారు మోతుబరులు. కొడవలి పట్టినవారూ, కొడవలికి తెగినవారూ చాలవరకు చిన్న రైతులూ కూలివారూ. లండను పాఠకునికి కిరాయిహత్య వట్టి వినోదం కావచ్చును. ఇక్కడి తరగతిగదిలో అది ఎవరో ఒకరి ఇంటి సంగతి కావడానికి అవకాశం ఉన్నది.

ఈ వ్యాపారానికి దేశమంతటా వాడుకలో ఉన్న పేరు సుపారీ. సుపారీ అనగా వక్క. మన ఇళ్లలో ఆకూవక్కా పుచ్చుకున్నారంటే పెండ్లి నిశ్చయమైనట్లు. ఆ చీకటిబేరంలో వక్క పేరు చెప్పి సొమ్ము పుచ్చుకున్నారంటే ఒక ప్రాణం పోవడం నిశ్చయమైనట్లు. శుభానికీ అశుభానికీ ఒకే వక్క చాలినది గదా! ఇది రచయిత కల్పించవలసిన హాస్యం కాదు, వాడుకభాషలోనే పడి ఉన్నది. బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, పని చెడితే సొమ్ము వాపసు చేయవలెనా అని ఎద్దులసంతలోవలె ఇద్దరు మనుషులు మూడవవాని ప్రాణాన్ని బేరమాడుకోవడం చూపితే పాఠకుడు నవ్వుతాడు. ఆ నవ్వు గొంతులోనే ఆగి, నేనెందుకు నవ్వితిని అని తనను తాను అడుగుకొనేటట్లు చేయగలిగితే ఆ రచన సార్థకం.

గ్రాహం గ్రీన్ 1936లో ప్రకటించిన 'ఎ గన్ ఫర్ సేల్' అనే నవలలో కిరాయిహంతకుడు ఒక మంత్రిని చంపి వస్తాడు. అతనికి కూలిగా ఇచ్చినవి దొంగిలించిన నోట్లు. వాటిని మార్చబోగానే పోలీసులు వెంటబడతారు. ప్రాణాలు కొన్నవాడు ప్రాణాలు తీసినవానిని కూడ మోసగించినాడు. కూలి ఎగవేసే యజమానిని ఎరిగిన మన పల్లె విద్యార్థికి ఈ సన్నివేశంలోని వెటకారం ఏ వ్యాఖ్యానమూ లేకుండానే బోధపడుతుంది.

ఇక చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో హత్యకూ, హత్యకు పురికొల్పడానికీ శిక్షలు ఉండేవి గాని, కిరాయిహత్య అన్న మాట విడిగా లేదు. దాని స్థానంలో 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, తన 111వ సెక్షనులో వ్యవస్థీకృత నేరాలను పేర్కొంటూ కిరాయిహత్యను పేరు పెట్టి చెప్పినది. మంచిదే. అయితే చట్టం ఎంత పదునైనదైనా సాక్షి నోటితోనే మాట్లాడవలెను గదా! ఆ సాక్షి ఊళ్లో బ్రతకవలసినవాడు. అతనికి పొలమున్నది, పిల్లలున్నారు, భయమున్నది. పోలీసులకు ఒకటి చెప్పి న్యాయస్థానంలో మరొకటి చెప్పే సాక్షుల మూలంగా ఎన్నో అభియోగాలు వీగిపోయినవి. ఈ ఇబ్బంది గుర్తించియే 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతటా అమలు జరపవలెనని ఆదేశించినది.

సరిగ్గా ఈ స్థలంలోనే కథలోనికి దయ్యం ప్రవేశిస్తుంది. దయ్యానికి పొలం లేదు, ఎకరం ఆశ చూపలేరు. పిల్లలను ఎత్తుకుపోతామని బెదిరించలేరు. ప్రాణం లేదు, తీయలేరు. రాజీకి పిలువబోతే ఏ పంచాయతీ కట్టకు పిలువవలెనో తెలియదు! మనుషులలో సాక్షి కరవైనచోట ప్రజల ఊహ దయ్యాన్ని సృష్టించుకొని, కొనరాని సాక్షిగా నిలబెట్టినది. దయ్యాల కథలన్నీ అజ్ఞానంనుండియే పుట్టినవనుకోవడం పొరపాటు. కొన్ని న్యాయం దొరకని దుఃఖంనుండి పుట్టినవి.

దీనికి నిదర్శనం వెదకడానికి పరదేశాలకు పోనక్కరలేదు. సోమదేవుని కథాసరిత్సాగరం 11వ శతాబ్దినాటిది. అందులోని బేతాళకథలను 1947లో ప్రారంభమైన చందమామ మన ఇంటింటికీ తెచ్చినది. నేడు ఆ పత్రిక లేకపోయినా బేతాళుడు ఉన్నాడు. ఒక భిక్షువు కోరగా రాజు అర్ధరాత్రి శ్మశానానికి పోయి, చెట్టుకు వ్రేలాడే శవాన్ని భుజాన వేసుకొంటాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి ధర్మసందేహం అడుగుతాడు. రాజు నోరు విప్పగానే మరల చెట్టెక్కుతాడు. మహారాజు బరువులు మోసే కూలివానివలె తిరుగుతూ ఉండగా, భుజంమీది పీనుగు ఆయనకు పరీక్ష పెట్టడం నవ్వు పుట్టించే దృశ్యమే. చివరకు తేలినదేమి? ఆ భిక్షువు రాజునే బలియిచ్చి సిద్ధులు సంపాదింపదలచినాడు. ఆ కుట్ర బయటపెట్టి రాజు ప్రాణం నిలిపినది బేతాళుడే. బ్రతికినవాడు దాచిన నిజాన్ని పీనుగు చెప్పినది. భయమూ, హాస్యమూ, హత్యాప్రయత్నమూ కలిసిన ఈ కథను మనం వందల ఏండ్లుగా పిల్లలకు చెప్పుచునే ఉన్నాము.

షేక్స్పియరు 'మాక్‌బెత్' నాటకంలో ఇంతకంటె సూక్ష్మమైన సంగతి ఒకటి ఉన్నది. మాక్‌బెత్ మనుషులను కుదిర్చి స్నేహితుడైన బాంకోను చంపిస్తాడు. ఆ రాత్రి విందులో బాంకో దయ్యం వచ్చి కూర్చుంటుంది. ఎవరికి కనబడుతుంది? కత్తి పట్టినవారికి కాదు, కత్తి పట్టించిన రాజుకు. తాను చంపలేదని మాక్‌బెత్ ఎంత బుకాయించినా, దయ్యానికి అసలు చిరునామా తెలుసును. అదే నాటకంలో, డంకన్ రాజు హత్య జరిగిన వెంటనే, త్రాగిన మత్తులో ఉన్న ద్వారపాలకుడు వచ్చి తాను నరకద్వారం కాస్తున్నానని వేళాకోళమాడుతాడు. నవ్వు వచ్చినంతమాత్రాన హత్యలోని ఘోరం తగ్గినదని ఎవరూ అనలేదు.

మన తోలుబొమ్మలాట ఈ విద్యలో తక్కువది కాదు. అనంతపురం సీమలోనే, ధర్మవరం ప్రాంతపు నిమ్మలకుంటలో, ఆ కళ నేటికీ నిలిచి ఉన్నది. రామరావణ యుద్ధం నడుమ కేతిగాడూ బంగారక్కా తెరమీదికి వచ్చి మోటహాస్యమాడి పోతారు. ఆ నవ్వు తరువాత వచ్చే మరణం మరింత లోతుగా తాకుతుంది.

దయ్యాన్ని అడ్డం పెట్టుకొని బ్రతికేవారి సంగతి వేరు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శితమైనది. అందులో ఆడపిల్లవేషం వేసిన మహేశం మాయమైపోగా, లేని భార్యను చంపినాడని లుబ్ధావధాన్లు మీద హత్యానేరం వచ్చిపడుతుంది. పూజారి గవరయ్య పిశాచాన్ని సీసాలో బంధించానంటాడు. చావనే లేదు, దయ్యం తయారు. దయ్యం లేనే లేదు, దానిమీద ఆదాయం తయారు. గురజాడవారు మనలను నవ్వించినది దయ్యాన్ని చూపి కాదు, దయ్యాన్ని అమ్ముకొనేవారిని చూపి.

ఈ వెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చూడవచ్చును. 1980ల తెలుగు పాఠకలోకాన్ని ఊపివేసిన నవల అది. డబ్బుకోసం ఒక పసిపాప ప్రాణాలు తీయించడానికి క్షుద్రవిద్యను ఆశ్రయించడం దాని కథాబీజం. ఒక విధంగా అదికూడ కిరాయిహత్యయే. కథను బిగువుగా నడపడంలో రచయిత నేర్పు కాదనలేనిది. కాని పాఠకుని మనస్సులో నిలిచేది సొమ్ము లెక్కపెట్టిన చేయి కాదు, మంత్రగాని భయంకరరూపం. దాని వెంట వచ్చిన క్షుద్రనవలల వెల్లువలో ఆ చేయి మరింత మరుగుపడినది. చేతబడి చేసినారన్న అనుమానంతో నిరపరాధులను చంపిన ఉదంతాలు తెలుగు పల్లెలలో జరిగినవే. కనుక ఇది కేవలం సాహిత్యచర్చ కాదు.

దయ్యం బొత్తిగా లేని చోట ఏమవుతుందో మన చలనచిత్రాలు చూపినవి. సమరసింహారెడ్డి (1999), ఇంద్ర (2002) వంటి చిత్రాల తరువాత సీమ అనగా కొడవలి, సీమవాడు అనగా తొడగొట్టేవాడు అన్న బొమ్మ స్థిరపడినది. వాటిలో నాయకుని చేత కూలిపోయే అనుచరులకు పేరు లేదు, ఇల్లు లేదు. మరణించిన మరుక్షణం వారిని ప్రేక్షకుడు మరచిపోతాడు. వారిలో ఒక్కడైనా దయ్యమై వచ్చి, అయ్యా, నా బిడ్డకు ఫీజు ఎవరు కట్టుతారు అని అడిగి ఉంటే ఆ చిత్రాల రంగే మారిపోయి ఉండేది.

నా వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చును. దయ్యాల కథలు మూఢనమ్మకాన్ని పెంచవా అన్నది మొదటిది. పంచతంత్రంలో నక్క మాట్లాడినంతమాత్రాన ఏ బాలుడూ జంతుశాస్త్రంలో నక్కకు భాష ఉన్నదని వ్రాయడు. కథాసమయానికీ లోకానికీ గల భేదం ఉపాధ్యాయుడు ఒక్కమాటలో తేటపరచవచ్చును. రెండవ ఆక్షేపణ బరువైనది. హత్యకు గురైనవాని బిడ్డ ఆ తరగతిలోనే కూర్చొని ఉంటే, తోటివారి నవ్వు ఆ బిడ్డను ఎంత గాయపరచునో? దీనికి సిద్ధాంతంతో జవాబు లేదు. ఆ తరగతిలో ఆ పుస్తకాన్ని పైకి చదవకూడదు, అంతే. తన పిల్లల ఇళ్లు ఎరిగిన ఉపాధ్యాయుడే ఈ నిర్ణయం చేయగలడు.

మిగిలినచోట్ల చదివించిన తరువాత మూడు ప్రశ్నలు అడిగితే చాలును. ఈ కథలో సొమ్ము ఇచ్చినవాడెవడు? మనం నవ్వినది ఎవరిని చూచి? చచ్చినవాని పేరూ, ఊరూ, ఇంటివారూ మనకు తెలిసినారా? మొదటి ప్రశ్నకు జవాబు దొరకక, రెండవదానికి చచ్చినవానిని చూచి అన్న జవాబు వచ్చి, మూడవదానికి విద్యార్థి తెల్లమొగం వేసినచో ఆ నవల ఎంత ఉత్కంఠతో నడిచినా బీరువాకు తగినది కాదు. అంతకంటె మంచి అభ్యాసం మరొకటి ఉన్నది. హంతకుడు చెప్పిన కథను దయ్యం నోట తిరిగి చెప్పించి, రెండు పుటలు వ్రాయుమనండి. తాను ఆనాడు ఏ పనిమీద బయలుదేరినాడో, ఇంటిలో ఏమి చెప్పి వచ్చినాడో చచ్చినవానిచేత చెప్పించుమనండి. విడపనకల్లు విద్యార్థి ఆ రెండు పుటలు వ్రాయడానికి ఏ విదేశీనవలనూ ఆశ్రయించనక్కరలేదు. వాన కొరకు ఎదురుచూచే చేనూ, బెంగళూరినుండి రావలసిన తండ్రీ, ఆకూవక్కల పళ్లెమూ అతనికి తెలిసినవే. చచ్చినవాడు కూడ ఒక ఇంటివాడేనని వ్రాసిన చేతికి కూలికొడవలి బరువెంతో తెలుస్తుంది.