నంబరు చెప్పు, తరవాత డబ్బడుగు

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ కొనేవాణ్ణి చూడండి. బ్లాకు మీద గ్రీజు తుడిచి, చెక్కిన నంబరు వెతుకుతాడు. దాన్ని ఆర్సీలో నంబరుతో సరిచూస్తాడు. స్టార్ట్ చేయించి పొగ రంగు చూస్తాడు. నమ్మకమైన మేస్త్రీని తీసుకొచ్చి చెవొగ్గి వినమంటాడు. అమ్మేవాడు సొంత బావమరిదైనా ఈ తతంగం తప్పదు, దానికి బావమరిదీ ఏమీ అనుకోడు. అదే మనిషి కొడుకుని కెనడా పంపాలన్నా, వెల్డర్‌గా తనే కువైట్ పోవాలన్నా బెంజి సర్కిల్ పక్క కన్సల్టెన్సీ ఏసీ గదిలో కూర్చుని లక్షలు లెక్కపెట్టి ఇస్తాడు. పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టి, రసీదు కూడా అడక్కుండా దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. ఎందుకయ్యా అంటే, ‘మనవాడేనండీ’ అంటాడు.

నా కోపమంతా ఈ ‘మనవాడి’ మీదే.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ బండారం బయటపడినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు జాడ కనిపెట్టే రేడియో పట్టీలు బిగించారు. దానితోనైనా కళ్లు తెరుచుకున్నాయా? ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వచ్చిపడింది. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు. అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన బూటకపు కాలేజీ అది. ప్రభుత్వమే వల పన్నడం ఏం న్యాయమన్నది వేరే తగువు, అందులో నేను పిల్లల పక్షమే. కానీ వందలమందిని ఆ వలలోకి తోలినవాళ్లెవరు? కేసులో ఇరుక్కున్న ఎనిమిది మంది రిక్రూటర్లూ తెలుగువాళ్లే. వాళ్లకు ముట్టింది రెండున్నర లక్షల డాలర్ల పైమాటేనని అమెరికా న్యాయశాఖ చెప్పింది. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియా ముఠా గుట్టు విప్పారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని మనిషికి లక్షన్నర దాకా గుంజి, సైబర్ మోసాల కొట్టాల్లోకి అమ్మేశారు. సాటి భారతీయులకే ఫోన్లు చేసి దోచడం అక్కడి ఉద్యోగం. ఆ ఏజెంట్లూ పరాయివాళ్లు కారు, విశాఖ ప్రాంతం వాళ్లే.

ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కి జనాన్ని ఓడలెక్కించిన మేస్త్రీలూ మనవాళ్లే. చేతిలో అడ్వాన్సు పెట్టి, అక్కడికి చేరాక ఆ అప్పు కూలిలో కోసుకున్నారు. మన ఊరివాడు, మన కులంవాడు, మా తోడల్లుడికి తెలిసినవాడు అనగానే అడగాల్సిన ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. కన్సల్టెన్సీ వాడి అసలు పెట్టుబడి ఆఫీసూ కాదు, అనుభవమూ కాదు. మన మొహమాటం.

అడగవలసిందేమిటో చట్టం చెప్పే ఉంచింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపేవాడికి విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకు వాడు మామూలుగా కట్టాల్సిన బ్యాంకు గ్యారంటీ 50 లక్షలు. పోయేవాడి దగ్గర పుచ్చుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు కొడితే రిజిస్ట్రేషన్ బతికి ఉందో, రద్దయిందో తెలిసిపోతుంది. సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల పని. మరి గల్ఫ్ వెల్డర్ ఉద్యోగానికి లక్షా, రెండు లక్షలూ ఎందుకు ముట్టజెబుతున్నాం?

రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు పంపేది విజిట్ వీసా మీద. పదో తరగతి తప్పిన మన మెకానిక్ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది, గల్ఫ్ కొలువుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాన్ని తప్పించుకోవడానికే ఈ దొడ్డిదారి. ఆ దారిన పోయినవాడికి క్లియరెన్సూ ఉండదు, రెండేళ్లకు 275 రూపాయలతో వచ్చే పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. గడువు దాటితే కాగితాల్లేని ఖల్లివెల్లి బతుకే. ఉద్యోగమని మురిపించి అమ్మిన సరుకు అసలు రంగు ఇది.

ఇంత పాపానికి శిక్ష ఎంతో తెలుసా? రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపితే గరిష్ఠంగా రెండేళ్ల జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. అక్షరాలా రెండు వేలు. ఆ డబ్బుకు లారీకి ఒక్క టైరు రాదు. కొత్త చట్టానికి 2019లో ఒక ముసాయిదా, 2021లో మరొకటి ఢిల్లీలో తయారయ్యాయి. మనవాళ్ల ఇళ్ల మీద అప్పులు మాత్రం ముసాయిదాల కోసం ఆగలేదు.

ఇక స్టూడెంట్ వీసాలు, పీఆర్‌లు చూసే కన్సల్టెన్సీలకు ఆ పాటి చట్టమూ వర్తించదు, ఎందుకంటే అది ఉద్యోగాలకు పంపేవాళ్ల కోసం రాసింది. అందుకే బందరు రోడ్డు పొడవునా ఎవడు పడితే వాడు బోర్డు పెట్టగలుగుతున్నాడు. ‘మా సర్వీసు ఫ్రీ’ అనేవాడు అబద్ధం చెప్పట్లేదు. వాడికి కమిషన్ విదేశీ కాలేజీ ఇస్తుంది. కాబట్టి మీ అబ్బాయికి పనికొచ్చే కాలేజీ కాదు, తనకు ఎక్కువిచ్చే కాలేజీ చూపిస్తాడు. ఖాతాలో లేని ఫండ్స్ ఉన్నట్టు చూపిస్తాడు, చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ పుట్టిస్తాడు. దొరికితే దెబ్బ వాడికి కాదు, సంతకం పెట్టిన పిల్లాడికి. దొంగ కాగితానికి కెనడా అయిదేళ్లు, బ్రిటన్ పదేళ్లు తలుపు మూస్తాయి. అమెరికా జీవితాంతం మూసేయగలదు. కన్సల్టెన్సీ వాడు మాత్రం బోర్డు పేరు మార్చుకుని పక్క వీధిలో కొత్త బ్యాచ్ మొదలుపెడతాడు.

కాబట్టి నంబరు అడగండి. కెనడా వ్యవహారానికి డబ్బు తీసుకునేవాడు ఆ దేశపు న్యాయవాదుల సంఘంలో ఉండాలి, లేదా కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్సు ఉండాలి. ఆస్ట్రేలియాలో నమోదైన ఏజెంటుకు ఏడంకెల నంబరు ఉంటుంది. ఆ జాబితాలు ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. అమెరికా కేసైతే అక్కడి లాయరు ఎవరో, ఏ రాష్ట్ర బార్‌లో ఉన్నాడో చెప్పమనండి. ‘వాళ్లు మా పార్టనర్లండీ’ అంటే ఆ పార్టనర్ సంతకంతో ఒప్పందం ఇవ్వమనండి. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. ‘వీసా గ్యారంటీ’ అన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి. వీసా ఇచ్చేది కాన్సులేటు అధికారి, ఆయన తరఫున హామీ ఇవ్వడానికి వీడెవడు? పాస్‌పోర్టు అట్టిపెట్టుకుంటానంటే 1967 పాస్‌పోర్టుల చట్టం గుర్తుచేయండి. దాని ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, తాకట్టు సరుకు కాదు.

ఇంత చదివి, ‘అంతా అత్యాశండీ, మోసపోక ఏమవుతారు’ అని పెదవి విరిచే పెద్దమనుషులకు ఒక మాట. పద్నాలుగేళ్లకే షెడ్డులో హెల్పర్‌గా చేరి, ముప్పై ఏళ్లకు ఏ ఇంజినైనా విప్పి బిగించగల మేస్త్రీకి చేతిలో పని ఉంది, కాగితం లేదు. ఆ లోటు మీదే ఏజెంటు బతుకుతున్నాడు. లేని కాగితాన్ని దొంగతనంగా తయారుచేసి అమ్ముతున్నాడు. చేతిపనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పథకం కేంద్రం దగ్గర ఉంది, స్కిల్ ఇండియా కింద. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. ప్రవాసాంధ్రుల కోసం తాడేపల్లిలో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. అవి ఆటోనగర్ గేటు లోపలికొచ్చి బల్ల వేసుకుని కూర్చోవాలి. ఏజెంటు రావడం లేదా?

ట్రావెల్ ఏజెంట్లకూ, వీసా కన్సల్టెంట్లకూ పంజాబ్ 2012లోనే లైసెన్సు చట్టం తెచ్చింది. అక్కడ మోసం ఆగిపోయిందని నేను చెప్పను. 2023లో కెనడా దొంగ ఆఫర్ లెటర్ల గొడవలో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ రాష్ట్రం పిల్లలే. కానీ లైసెన్సు ఉంటే రద్దు చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది, పోలీసు స్టేషన్‌లో ఏ సెక్షన్ రాయాలో తెలుస్తుంది. అలాంటి చట్టం మనకూ కావాలి. ఓటడగడానికి వచ్చే ప్రతి ఎమ్మెల్యేనూ ఇది అడగాలి. ఆ చట్టం వచ్చేదాకా, నంబరు చెప్పనివాడికి రూపాయి ఇవ్వకండి. అడిగినందుకు ‘నన్నే అనుమానిస్తున్నారా’ అని నొచ్చుకునేవాడి గడప అసలే తొక్కకండి.