తుపాకి లైసెన్సు ఎవరికి? అట్రాసిటీ నిబంధనల్లో మనం చదవని మూడో నిబంధన

2025 ఫిబ్రవరి 1న గచ్చిబౌలిలోని ఒక పబ్ దగ్గర పాత నేరస్తుడొకడు తనను పట్టుకోవడానికి వచ్చిన పోలీసుల మీద కాల్పులు జరిపాడు. అదే ఏడాది ఆగస్టు 12న చందానగర్‌లో పట్టపగలు ఒక నగల దుకాణంలోకి దొంగలు తుపాకితో చొరబడి, సిబ్బందిలో ఒకరిని కాల్చి, వెండి సామాను ఎత్తుకుపోయారు. రెండూ సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలోవే. అప్పటి నుంచి మాదాపూర్, కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో 'మనకూ ఒక తుపాకి ఉంటే' అన్న మాట మామూలైపోయింది. అమెరికాలో కొన్నేళ్లు ఉండి వచ్చినవాళ్లు అక్కడ ఐదారు వందల డాలర్లకే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ దొరుకుతుందని చెబుతుంటారు. ఈ మాట మన పిల్లల నోట కూడా వినిపిస్తోంది. ఊరి వాడ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, కులాంతర వివాహం చేసుకుని, రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్తూ వెనక్కి చూసుకునే కుర్రవాడు అడుగుతున్నాడు: తక్కువ ధరలో మంచి రైఫిల్ ఏది? తూటాలు ఎక్కడ దొరుకుతాయి?

అతని భయం ఉత్తుత్తిది కాదు. కాబట్టి నవ్వేసి వదిలేయకుండా సమాధానం చెప్పాలి.

మన దేశంలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అంగట్లో ఎంచుకునే వస్తువు కాదు. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు దాన్ని నిషేధిత, నియంత్రిత వర్గాల్లో పెట్టాయి. మామూలు పౌరుడికి అది దొరకడం దాదాపు అసాధ్యం. ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు మీద సాధారణంగా వచ్చేవి మూడు రకాలు. ఒకటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకి. రెండోది .315 బోరు రైఫిల్. ఒక్కో తూటా కాల్చాక బోల్టు లాగి మళ్లీ ఎక్కించుకోవాలి. మూడోది .32 బోరు రివాల్వరో పిస్తోలో. ఆ .315 అనే కొలతకు ఒక చరిత్ర ఉంది. సైన్యం వాడే .303 తూటా పౌరుడి తుపాకిలో పట్టకూడదన్నది బ్రిటిష్ వాడి జాగ్రత్త. అందుకే దేశీయుల చేతికి వేరే కొలత తుపాకులు వచ్చాయి. 1857 తర్వాత పాలకుడికి పట్టుకున్న భయం ఇప్పటికీ దుకాణాల్లో అమ్ముడవుతోందన్నమాట.

ధర సంగతికి వస్తే ఒక్క ఉదాహరణ చాలు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' పేరుతో ఆడవాళ్ల కోసమంటూ ఒక రివాల్వర్ విడుదల చేసింది. ధర 1,22,360 రూపాయలు. పొలంలో కూలికి పోయే దళిత స్త్రీ దాన్ని కొనడమా! తుపాకి తర్వాత తూటాల ఖర్చు ఉంటుంది. అవి కూడా ఇష్టం వచ్చినన్ని కొనడానికి లేదు. ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. లైసెన్సు లేకుండా దొరికే నాటు తుపాకి చవకే. కానీ 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని మామూలు తుపాకికి రెండు నుంచి ఐదేళ్లు, నిషేధిత రకానికి ఏడు నుంచి పద్నాలుగేళ్లు జైలు. కేసు పడితే మన కుర్రవాడికి ఉద్యోగం పోతుంది, పాస్‌పోర్టు చిక్కుల్లో పడుతుంది, ఊళ్లో తల్లిదండ్రుల బతుకు బజారున పడుతుంది.

ఇక్కడొక విడ్డూరం కూడా చెప్పుకోవాలి. ఇదే హైదరాబాద్‌లో మేఘా గ్రూపు సంస్థ ఐకామ్, యూఏఈ కంపెనీ కారకాల్‌తో కలిసి చిన్న ఆయుధాల ఫ్యాక్టరీ నడుపుతోంది. రైఫిళ్లు మన నగరంలోనే తయారవుతున్నాయి. వాటిని మోసేది ఎవరు, వాటి గురి ఎవరి మీదన్నది వేరే చర్చ.

తుపాకికీ కులానికీ ఉన్న సంబంధాన్ని అందరికన్నా ముందు సూటిగా చెప్పింది బాబాసాహెబే. 1936 నాటి 'కులనిర్మూలన'లో ఆయన ఒక ప్రశ్న వేసుకున్నారు. ఇంత అన్యాయం జరుగుతున్నా ఈ దేశంలో కింది కులాలు ఎందుకు తిరగబడలేదు? చాతుర్వర్ణ్యం వాళ్ల చేతికి ఆయుధం అందకుండా చేసింది గనుక, అన్నది ఆయన జవాబుల్లో ఒకటి. ఆయుధం పట్టే హక్కు ఒక వర్ణానికి మాత్రమే రాసిచ్చిన వ్యవస్థ అది.

అదే అంబేడ్కర్ 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో భిన్నంగా మాట్లాడారు. ఆయుధాలు కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఆ హక్కు ఉంది కూడా. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ప్రతివాడూ బజారుకు పోయి ఏ అడ్డూ లేకుండా ఆయుధాలు కొనుక్కుంటే ప్రభుత్వం నడవదన్నారు. ఈ రెండు మాటల మధ్య వైరుధ్యం ఉందని కొందరు అంటారు. నాకు అలా కనిపించదు. స్వేచ్ఛగా అమ్మితే తుపాకి ఎవరి ఇంటికి చేరుతుందో ఆయనకు తెలుసు. భూమి ఎవరి చేతిలో ఉందో, పటేలు ఎవరో, పోలీసు ఎవరి అరుగు మీద కూర్చుని టీ తాగుతాడో, తుపాకీ అక్కడికే పోతుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్న తూటాలు వచ్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల వైపు నుంచే కదా.

2023లో సుప్రీంకోర్టు కూడా లైసెన్సు లేని తుపాకుల మీద ఒక కేసు విచారిస్తూ, అమెరికాలో లాగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది. సరే. హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. అయితే ఆ అనుమతి ఎవరికి వస్తోంది?

పక్క రాష్ట్రం కర్ణాటకలో కొడవలకు పుట్టుక ఆధారంగా లైసెన్సు నుంచే మినహాయింపు ఉంది. బ్రిటిష్ వాళ్లు ఇచ్చిన ఆ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. జమ్మా భూములున్నవాళ్లకూ అది వర్తిస్తుంది. అంటే పుట్టుక, భూమి, తుపాకి ఒకే వరసలో ఉన్నాయి, అదీ రాజ్యాంగం వచ్చిన డెబ్భై ఏళ్ల తర్వాత. బ్రిటిష్ పాలనలోనే 1871లో వచ్చిన నేరస్త తెగల చట్టం ఇంకొందరిని పుట్టుకతోనే దొంగలన్నది. ఎరుకల వాళ్లను స్టూవర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో పెట్టింది ఆ చట్టమే. ఒకరికి పుట్టుక వల్ల తుపాకి, ఇంకొకరికి పుట్టుక వల్ల పోలీస్ స్టేషన్‌లో హాజరు.

కాగితం మీద ఆయుధాల చట్టం మనకు పూర్తిగా వ్యతిరేకం కాదు. 14వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చదవండి. దరఖాస్తుదారుడికి తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని స్పష్టంగా ఉంది. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. 2016 నిబంధనలు వ్యాపారం, వృత్తి రీత్యా ప్రాణాన్నో ఆస్తినో కాపాడుకోవాల్సిన అవసరాన్ని ప్రత్యేకంగా పరిగణిస్తాయి. శంకర్‌పల్లి వైపు వెంచర్లు వేసే రియల్టరుకు ఆ అవసరం ఇట్టే రుజువవుతుంది. ఆ వెంచర్ కింద పోయిన అసైన్డ్ భూమి కోసం కొట్లాడే మాదిగ రైతుకు రుజువు కావడం కష్టం. పైగా 9వ సెక్షన్ ఒకటుంది. శాంతిభద్రతల కోసం బైండోవర్ చేసిన మనిషి, ఆ బాండు గడువు ఉన్నంతకాలం తుపాకి పొందడానికి అనర్హుడు. ఎన్నికలొచ్చినా, అంబేడ్కర్ విగ్రహం దగ్గర గొడవైనా, తహసీల్దారు ముందు బైండోవర్ చేసేది ఎవరినో ఉద్యమంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా? అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడే ఎదుటివాళ్లు పెట్టే కౌంటర్ కేసు కూడా పోలీసు నివేదికలోకి ఎక్కుతుంది.

ఇక అసలు విషయం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని నిబంధనలు 1995లో వచ్చాయి. ఆ నిబంధనల్లో మూడోది అత్యాచారం జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం ముందే గుర్తించాలంటుంది. గుర్తించాక అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. వాళ్ల దగ్గరి బంధువులు, నౌకర్లు, కుటుంబ స్నేహితుల లైసెన్సులు కూడా ఇందులోకి వస్తాయి. అక్రమ ఆయుధాలన్నీ స్వాధీనం చేసుకోవాలి. ప్రాణ, ఆస్తి రక్షణకు అవసరమైతే ఎస్సీ ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

అందరి కళ్లూ ఆ చివరి మాట మీదే పడతాయి. 'మాకూ లైసెన్సులివ్వండి' అన్న నినాదం వినడానికి బాగుంటుంది, పేపర్లో వస్తుంది. నా దృష్టిలో మాత్రం మొదట పట్టుకోవాల్సింది దాని ముందున్న రెండు మాటలు: వాళ్ల తుపాకులు దించడం, అక్రమ ఆయుధాలు ఏరివేయడం. ఎందుకో మన హత్యాకాండలే చెబుతాయి.

1985 జులై 17, కారంచేడు. ఆరుగురు మాదిగలు. 1991 ఆగస్టు 6, చుండూరు. ఎనిమిది మంది. 2012 జూన్ 12, లక్ష్మీపేట. ఐదుగురు. గొడ్డళ్లు, బరిసెలు, కర్రలు వాడారు. వందల మంది ఒక్కసారి పడ్డారు. అలాంటి గుంపు ముందు ఒక ఇంట్లో ఒక డబుల్ బ్యారెల్ తుపాకి ఉంటే రెండు తూటాలు పేలేవి. ఆ తర్వాత పల్లెకు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. కేసు ఎవరి మీద నిలబడేదో కూడా. చుండూరులో ఎనిమిది శవాలుండగా ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. చచ్చిపోయినప్పుడే సాక్ష్యం చాలలేదు, చంపినప్పుడు మాత్రం చాలదా? భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఆత్మరక్షణ హక్కు ఉంది. ప్రాణం తీయడం దాకా అది ఎప్పుడు వెళ్లవచ్చో 38వ సెక్షన్ చెబుతుంది. చట్టం అందరికీ ఒకటే. ఆ హక్కు ఉన్నదని నమ్మాల్సిన దర్యాప్తు అధికారి మాత్రం అందరికీ ఒకటి కాడు.

నగరంలోనూ లెక్క ఇదే. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ను ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కనుండగా, వెనక నుంచి నరికారు. 2020 సెప్టెంబరులో గచ్చిబౌలిలో కాపురముంటున్న ఒక యువకుణ్ని, అతను దళితుడు కాదు, కులాంతర వివాహం చేసుకున్నందుకు ఇంటి నుంచి ఎత్తుకెళ్లి చంపారు. నిందితులు భార్య తరఫు బంధువులు. 2022 మే 4న సరూర్‌నగర్‌లో ఒక దళిత యువకుణ్ని జనం చూస్తుండగానే నడిరోడ్డు మీద చంపారు. మతాంతర వివాహం అతని నేరం. ఈ మూడింటిలో దేనికీ రైఫిల్ జవాబు కాదు. జేబులో తుపాకి ఉన్నా వెనక నుంచి వచ్చే కత్తిని ఆపదు. ప్రమాదం ముందే తెలిసిన జంటకు పోలీసు రక్షణ ఆపుతుంది, బెదిరించినవాణ్ని ఆ రోజే పిలిచి బైండోవర్ చేయడం ఆపుతుంది. బైండోవర్ మన కుర్రాళ్ల కోసమే పుట్టిన సెక్షన్ కాదు గదా.

అమెరికా వెళ్లే విద్యార్థులకు ఒక్క మాట. వీసా మీద ఉన్న విదేశీయుడికి అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకి అమ్మనివ్వదు. వేట లైసెన్సు ఉంటే మాత్రం సందు ఉంది. ఆ సందులోంచి దూరే ముందు ఆలోచించండి. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు తన తుపాకి తన చేతిలోనే పేలి చనిపోయాడు.

తుపాకులు దించడం సాధ్యమా అని అధికారులు నీళ్లు నమలుతారు. ప్రతి ఎన్నికకూ చేస్తున్న పనే అది. కోడ్ రాగానే లైసెన్సున్న తుపాకులను పోలీస్ స్టేషన్లలో జమ చేయిస్తున్నారు. ఓటు కోసం చేయగలిగినది ఒక వాడ ప్రాణాల కోసం ఎందుకు చేయలేరు? సాంఘిక బహిష్కరణ ప్రకటించిన ఊరు, విగ్రహం ధ్వంసమైన ఊరు, అసైన్డ్ భూమి తగాదా నడుస్తున్న ఊరు, ఇవన్నీ మూడో నిబంధన చెప్పే ప్రాంతాలే.

కాబట్టి విద్యార్థి సంఘాలు చేయగల పని ఒకటుంది. కమిషనరేట్ల పరిధిలో లైసెన్సులిచ్చేది పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల కలెక్టర్. ఇద్దరి కార్యాలయాలకూ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అమల్లో ఉన్న లైసెన్సులెన్ని, అందులో ఎస్సీ ఎస్టీలవెన్ని, వాళ్లు పెట్టుకున్న దరఖాస్తుల్లో తిరస్కరించినవెన్ని, ఏ కారణంతో, అని అడగండి. 1995 నుంచి మూడో నిబంధన కింద గుర్తించిన గ్రామాల జాబితా అడగండి, అక్కడ రద్దయిన లైసెన్సుల లెక్క అడగండి. పదిహేడో నిబంధన ప్రకారం జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. పదహారో నిబంధన ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ జనవరిలో, జులైలో కూర్చోవాలి. పరిహారం, ఛార్జిషీటు లెక్కలతో పాటు ఈ లెక్కను కూడా ఎజెండాలో పెట్టమని సభ్యులుగా ఉన్న మన ఎమ్మెల్యేల చేత రాయించండి. జనవరి సమావేశానికి ముందే ఆ ఉత్తరాలు చేరాలి.