'ఐ యామ్ బోరింగ్' అనకు తమ్మీ!

"ఇప్పుడున్న జాబ్ ఎందుకు మానేస్తున్నావ్?" అని ఇంటర్వ్యూలో అడుగుతారు. "ఐ యామ్ బోరింగ్ ఇన్ దిస్ జాబ్ సర్" అంటాడు మనోడు. వాడు చెప్పాలనుకున్నది 'నాకు బోర్ కొడుతోంది' అని. అవతలివాళ్లకు వినిపించేది 'నేను జనానికి బోర్ కొట్టించే మనిషిని' అని! అలాంటోణ్ని టీమ్‌లోకి ఎవరు తీసుకుంటారు చెప్పండి?

ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తే మా కాశిబుగ్గ పోరగాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, టెన్స్‌లు మొత్తం చదివిన, ఇంకేం చదవాలె?" అని. అందరూ టెన్స్‌ల మీద పడతారు. అడ్జెక్టివ్‌ను ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే మనం ఎక్కువగా దొరికిపోయేది అక్కడే.

కారణం మన 'గా'. హ్యాపీగా, స్లోగా, ఫ్రీగా, టెన్షన్‌గా... ఏ ఇంగ్లీషు పదానికైనా 'గా' తగిలిస్తే తెలుగులో పనైపోతుంది. హ్యాపీ అడ్జెక్టివ్, టెన్షన్ నౌన్ అనే తేడా మనకు అక్కర్లేదు. ఇంగ్లీషులోకి వెళ్లగానే ఆ 'గా' ఊడిపోతుంది. 'ఐ యామ్ హ్యాపీ' నిలబడుతుంది, 'ఐ యామ్ టెన్షన్' పడిపోతుంది. అక్కడ 'టెన్స్' అనాలి, లేదా 'నెర్వస్'. 'ఐ యామ్ ఇంట్రెస్ట్' కూడా ఇదే కేసు. 'ఇంట్రెస్టెడ్' కావాలి.

మరి ఎప్పుడు 'ఎడ్', ఎప్పుడు 'ఇంగ్'? దీనికి జవాబు తెలుగులోనే ఉంది. 'భయపడిన పిల్లాడు', 'భయపెట్టే సినిమా' అంటాం కదా. పడితే 'ఎడ్', పెడితే 'ఇంగ్'. స్కేర్డ్ పిల్లాడు, స్కేరింగ్ కాదు. బోర్ కొట్టినోడు బోర్డ్, కొట్టించేది బోరింగ్. నేను చెప్పినవాళ్లలో ఎక్కువమందికి ఇది ఒక్కసారికే ఎక్కింది.

ఇంకోటి మన 'మస్తు'. ఎనుమాముల మార్కెట్‌కు మస్తు మిర్చి వచ్చింది. మస్తు ఘాటుంది. బజ్జీ మస్తుంది. మస్తు తిన్న. నాలుగు చోట్లా ఒకటే పదం! ఇంగ్లీషులో మాత్రం వరసగా 'ఎ లాట్ ఆఫ్', 'వెరీ', 'గ్రేట్', 'ఎ లాట్'. మనం అన్నిటికీ 'వెరీ' పెట్టేస్తాం కాబట్టే 'ఐ వెరీ లైక్ ఇట్' పుట్టింది. 'వెరీ'ని అడ్జెక్టివ్, అడ్వర్బ్‌ల ముందే పెట్టాలి. వెర్బ్ ముందు కుదరదు.

'మోర్ బెటర్' సంగతి చిన్నదే. 'దానికన్నా ఇది మంచిది' అన్నప్పుడు తెలుగులో 'మంచిది' మారదు. అందుకే 'బెటర్' అన్నాక కూడా సరిపోలేదేమో అని మోర్ కలుపుతాం. బెటర్‌లోనే మోర్ ఉంది, వదిలెయ్యండి.

వరసకు మాత్రం భయపడక్కర్లేదు. మా పక్కన కొత్తవాడలో నేసే దర్రీలు, 2018లో జీఐ గుర్తింపు వచ్చినవి, వాటినే తీసుకోండి. 'పెద్ద ఎర్ర నూలు దర్రీ' అంటాం కానీ 'నూలు ఎర్ర పెద్ద దర్రీ' అనం. ఇంగ్లీషూ అంతే: 'బిగ్ రెడ్ కాటన్ డర్రీ'. సైజు, రంగు, సరుకు. మీ చెవిని నమ్మండి.

తెలంగాణ సర్కారు బళ్లన్నిటిలో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇప్పుడు ఇంటర్వ్యూలకు వస్తున్న చాలామంది అంతకుముందు తెలుగు మీడియంలో చదివినోళ్లే. కోడ్ రాయడంలో వీళ్లేం తక్కువ కాదు. కానీ కోడ్ దాకా వెళ్లకుండానే, 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' దగ్గరే కొందరి కథ ముగుస్తోంది. నాకు కడుపు మండేది అక్కడ.

ఆ ప్రశ్నకు అందరూ చెప్పేవి మూడే: హార్డ్‌వర్కింగ్, హానెస్ట్, పంక్చువల్. వాటి బదులు చేసిన ప్రాజెక్టు ఒకటి చెప్పండి. చెప్పే తీరాలనుకుంటే 'ఐ వర్క్ హార్డ్' అనండి. 'ఎల్‌వై' కలిపితే అడ్వర్బ్ అవుతుందని బళ్లో నేర్చుకున్నాం కదా అని 'ఐ వర్క్ హార్డ్‌లీ' అన్నారో, 'నేను పెద్దగా పని చెయ్యను సర్' అని చెప్పినట్టే.

ఇన్, ఆన్, ఎట్‌ల పంచాయితీ వచ్చేవారం.