శాతం చెప్పే పరీక్ష, టన్నులు అడిగే విధానం

మృత్తికా శాస్త్ర పరిశోధనలకు, వ్యవసాయ విధాన నిర్ణయాలకు మధ్య పొంతన కుదరడం లేదన్న మాట సదస్సుల్లో తరచుగా వినబడుతుంది. పాలకుల నిరాసక్తతనో, శాస్త్రవేత్తల ప్రచార లోపాన్నో అందుకు కారణంగా చూపడం పరిపాటి. ఈ రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే అసలు లోటు మరొకచోట ఉన్నది. విధానకర్త తీసుకునే నిర్ణయం ఒక ధరగానో, ఒక కేటాయింపుగానో, ఒక ప్రమాణంగానో వెలువడుతుంది. మృత్తికా పరిశోధన ఫలితం మాత్రం చాలా సందర్భాల్లో ఎకరాకు ఇన్ని కిలోలు అనే సిఫారసుగా, రైతును మాత్రమే ఉద్దేశించి వెలువడుతుంది. ఆ సిఫారసు ఎంత సరైనదైనా దానిని ప్రభుత్వ ఉత్తర్వుగా మార్చే దారి అందులో ఉండదు.

దారి ఉన్నచోట ఫలితం కనిపించింది. వేప ఉత్పత్తులు యూరియాలోని నత్రజని నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గిస్తాయని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో 1970వ దశకం నుంచే ప్రయోగాలు జరిగాయి. దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి అయినది 2015లో. నాలుగు దశాబ్దాల ఆలస్యం జరిగినా, కర్మాగారం వద్దనే అమలు చేయదగిన ప్రమాణం కావడం వల్ల ఒక్క ఉత్తర్వుతో ఆ పరిశోధన ప్రతి పొలానికీ చేరింది. కర్ణాటకలో 2009లో మొదలైన భూచేతన కార్యక్రమం మరొక ఉదాహరణ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మెట్ట పొలాల్లో గంధకం, జింకు, బోరాన్ లోపాలను గుర్తించి, ఫలితాలను తాలూకాల వారీ సిఫారసులుగా ఇచ్చారు. ఏ తాలూకాకు ఏ ఎరువు ఎంత కావాలో తేలడంతో, వాటిని ముందుగా నిల్వ చేసి రాయితీపై సరఫరా చేయడం వ్యవసాయ శాఖకు సాధ్యమైంది.

భాస్వరం విషయంలో ఇది జరగలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ, గుంటూరు మిర్చి నేలల్లోనూ లభ్య భాస్వరం అధికంగా పేరుకున్నదని భూసార పరీక్షలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. అటువంటి నేలల్లో మోతాదు తగ్గించవచ్చునని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సిఫారసు చేస్తూనే ఉన్నాయి. కానీ సీజనుకు ముందు జరిగే ఎరువుల అంచనాలో సాగు విస్తీర్ణానికి, గత సంవత్సరాల వినియోగానికే పెద్దపీట. నిరుడు ఎక్కువ వాడిన మండలానికి ఈ ఏడూ ఎక్కువే చేరుతుంది. ధర సంగతి సరేసరి. 2010 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన పోషక ఆధారిత రాయితీ విధానం యూరియాను మినహాయించింది. నేటికీ 45 కిలోల యూరియా బస్తా, పన్నులు, వేప పూత ఖర్చు కాక, 242 రూపాయలే. పరీక్షా పత్రం ఒక మాట చెప్పి, బస్తా ధర మరొక మాట చెబితే రైతు ధర మాటే వింటాడు. అందుకు అతనిని తప్పుపట్టడం న్యాయం కాదు.

వాతావరణ విధానం దగ్గరకు వచ్చేసరికి ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకం కింద సాగునీటి ప్రాంతాల్లో 2.5 హెక్టార్లకు, వర్షాధార ప్రాంతాల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున మట్టి సేకరించారు. ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, స్థూల, సూక్ష్మ పోషకాలు కలిపి మొత్తం 12 అంశాలు పరీక్షించారు. ఇంత విస్తృతమైన నేల సమాచారం ఉన్న దేశాలు అరుదు. అదే ఏడాది పారిస్ వాతావరణ సదస్సులో ఫ్రాన్సు ‘వెయ్యికి నాలుగు’ అనే ప్రతిపాదనను ముందుకు తెచ్చింది. నేలలోని కర్బన నిల్వను ఏటా 0.4 శాతం పెంచగలిగితే వాతావరణ మార్పును అదుపు చేయడానికి అది ఎంతో తోడ్పడుతుందన్నది దాని సారాంశం. ఈ రెండూ ఒకదానికొకటి అక్కరకు వస్తాయని ఎవరైనా అనుకుంటారు. కానీ రావు. కార్డు కర్బనాన్ని శాతంగా చెబుతుంది. వాతావరణ లెక్కకు కావలసినది హెక్టారుకు ఎన్ని టన్నులు అన్నది. శాతాన్ని టన్నులుగా మార్చాలంటే నేల స్థూల సాంద్రత తెలియాలి. ఆ 12 అంశాల్లో స్థూల సాంద్రత లేదు.

ఒక లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. హెక్టారు నేలలో 15 సెంటీమీటర్ల లోతు వరకు ఉండే మట్టి 1,500 ఘనపు మీటర్లు. సేంద్రియ కర్బనం 0.5 శాతం అనుకుంటే, ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాముల సాంద్రత గల నేలలో 9.75 టన్నుల కర్బనం ఉంటుంది. సాంద్రత 1.5 గ్రాములైతే 11.25 టన్నులు. ప్రయోగశాల నివేదిక రెండింటికీ ఒకటే, తేడా మాత్రం టన్నున్నర. ‘వెయ్యికి నాలుగు’ నిష్పత్తి ప్రకారం 10 టన్నుల నిల్వపై ఏటా పెరగవలసినది 40 కిలోలు. అంటే సాంద్రత తెలియకపోవడం వల్ల వచ్చే తేడాయే 37 ఏళ్ల పెరుగుదలతో సమానం. దీనికి తోడు కార్డు నమూనాను 15–20 సెంటీమీటర్ల లోతున ‘వి’ ఆకారపు గుంట నుంచి తీస్తారు. ఆ మట్టి ఘనపరిమాణం ఎవరికీ తెలియదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు సాధారణంగా అడిగేది 30 సెంటీమీటర్ల లోతు వరకు లెక్క. వాక్లీ–బ్లాక్ పద్ధతి సగటున 77 శాతం కర్బనాన్ని మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి, ఫలితాన్ని సవరణ గుణకంతో హెచ్చించినదీ లేనిదీ నివేదికలో రాయకపోతే మరొక చిక్కు.

ఇది పథకాన్ని తప్పుపట్టడం కాదు. ఎరువుల మోతాదు నిర్ణయించడానికి ఆ పద్ధతి చాలు, దాని ఉద్దేశమూ అదే. కానీ 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ వ్యవసాయ రంగంలో స్వచ్ఛంద కర్బన విపణికి విధివిధానాలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి సేద్యం విస్తరిస్తున్నది. నేలలో నిలిచిన కర్బనానికి రైతుకు సొమ్ము రావాలంటే ఎంత నిలిచిందో ముందు నిరూపించాలి. ఆ లెక్క విశ్వవిద్యాలయాలు చెప్పకపోతే కొనుగోలుదారు నియమించుకున్న సంస్థ చెబుతుంది. అప్పుడు తూకమూ, ధరా ఒకే చేతిలో ఉంటాయి.

ప్రతి గ్రిడ్‌లోనూ సాంద్రత కొలవడం ఖర్చుతో కూడిన పని అన్న అభ్యంతరం సహేతుకమే. కానీ ప్రతి గ్రిడ్‌లోనూ కొలవనక్కరలేదు. మండలంలోని ముఖ్యమైన నేల రకాల నుంచి కొన్ని గ్రిడ్లను ఎంచి, అక్కడ లోహపు వలయంతో 30 సెంటీమీటర్ల వరకు నమూనాలు తీస్తే మిగిలినవాటికి మట్టి కణ పరిమాణాన్ని బట్టి అంచనా కట్టవచ్చు. నల్లరేగడిలో తేమతోపాటు సాంద్రత మారుతుంది కాబట్టి తేమ నమోదు చేయాలి. చల్కా నేలల్లో గులకరాళ్ల వాటాను తీసివేయాలి. మృత్తికా శాస్త్ర విభాగాల్లో స్నాతకోత్తర విద్యార్థులు తమ పరిశోధన క్షేత్రాల్లో ఈ కొలతలు తరచూ తీస్తూనే ఉన్నారు. అవి సిద్ధాంత గ్రంథాల అనుబంధ పట్టికల్లో ఉండిపోతున్నాయి. ప్రదేశం, లోతు, పద్ధతి, సంవత్సరం వివరాలతో వాటిని ఒకచోట కూర్చడానికి కొత్త పథకం అవసరం లేదు. ఒక్కొక్క విభాగం తన గ్రంథాలయం నుంచే మొదలుపెట్టవచ్చు. ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాల్లో ఏటా పంటల వారీ సిఫారసులు ఖరారవుతాయి. అదే సమావేశం ముందు మండలాల వారీ భాస్వరం అవసరాన్నీ, కర్బన నిల్వనూ టన్నులలో చూపే రెండు పట్టికలు ఉంచితే, ఎరువుల కేటాయింపు దస్త్రం రాసే అధికారి వాటిని నేరుగా వాడుకోగలడు.