బిల్లు ఎవరు చెల్లిస్తారు?

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన కొండమీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. ఆ పేరుకు ఆకాశ దర్పణమని అర్థం. పాయెగా వంశీయుడైన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో దానికి పునాది వేశారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల సహా సకల వైభవాలనూ అందులో సమకూర్చారు. అయితే ఆ ఖర్చు ఆయనకు తలకు మించిన భారమయింది. చివరకు ఆ భవనం ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్ళింది. 2010 నుండి అది విలాసవంతమైన హోటల్. కట్టినవారూ లేరు, ఏలినవారూ లేరు. డబ్బు చెల్లించగలవారు ఎవరైనా నేడు అక్కడ ఒక రాత్రి అతిథులే!

నేడు మన యువకులు అనేకులు సంస్థల పనిమీద ముంబయి, బెంగళూరు, దుబాయి వంటి నగరాలకు వెళ్ళి పెద్ద హోటళ్ళలో బస చేస్తున్నారు. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. దివ్య ఖుర్ఆన్‌లోని ఆరాఫ్ సూరా ధర్మసమ్మతమైన అలంకరణను, ఆహారాన్ని నిషేధించేవారిని ప్రశ్నిస్తుంది. అదే చోట మితిమీరడాన్ని వారిస్తుంది కూడా. కనుక పరుపు ఎంత మెత్తగా ఉందన్నది ప్రశ్న కాదు. ఎవరి సొమ్ముతో, ఏ హద్దులో అనుభవిస్తున్నామన్నదే ప్రశ్న.

మన దేశంలో రోజుకు 7,500 రూపాయలు దాటిన హోటల్ గదిపై 18 శాతం జీఎస్టీ ఉంది. అంటే పదివేల రూపాయల గదికి పన్నే 1,800 రూపాయలు. మనలో ఎన్నో ఇళ్ళకు అది వారం రోజుల కిరాణా ఖర్చు. సొంత డబ్బయితే ఆ అంకె దగ్గర మన చూపు ఆగుతుంది. సంస్థ చెల్లిస్తుందని తెలిస్తే కన్ను దాన్ని దాటిపోతుంది. ఇంటి నుండి తెచ్చిన మాసిన బట్టలన్నీ హోటల్ లాండ్రీకి వేయడం, మిత్రులకు విందు ఇచ్చి దాన్ని కంపెనీ ఖాతాలో వ్రాయించడం, చిన్న లాడ్జిలో దిగి పెద్ద బిల్లు చూపడం... వీటన్నిటికీ వినిపించే సమాధానం ఒకటే: “కంపెనీ సొమ్మే కదా!”

కాదు, అది అమానతు. సంస్థ తెలిసి అనుమతించినది మన హక్కు. తెలియకుండా తీసుకున్నది, ఎంత చిన్నదైనా, ద్రోహం.

దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతను తిరిగి వచ్చి కొంత సొమ్ము అప్పగించి, మిగిలినది తనకు కానుకగా లభించిందన్నాడు. అప్పుడు దైవప్రవక్త (స) ప్రసంగ వేదికపై నిలబడి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైన ఈ సంఘటన ఉద్యోగులందరికీ గీటురాయి. పదవి వల్ల చేతికి వచ్చేదాన్ని తీసుకునే ముందు ఈ ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి.

ప్రయాణంలో పాటించవలసినవి మరికొన్ని ఉన్నాయి. గదిలోని ఫ్రిజ్‌లో మద్యం ఉంటే తీసివేయమని ముందుగానే మర్యాదగా చెప్పవచ్చు. గల్ఫ్ దేశాలలో, మలేషియాలో చాలా హోటళ్ళ గదులలో ఖిబ్లా దిశను సూచించే బాణం గుర్తు ఉంటుంది. మన దగ్గర అది లేకపోతే ఫోనులో చూసుకోవచ్చు. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేసుకునే సౌలభ్యం ఉంది. పరుపు మెత్తగా ఉందని ఫజ్ర్‌ను వదిలే సౌలభ్యం మాత్రం లేదు. బఫేలో పళ్ళెం నింపుకుని సగం పారవేయడం హోటల్‌లో అయినా దుబారాయే. మన పక్క సర్దే, స్నానాల గది కడిగే మనిషి కనిపిస్తే సలామో నమస్కారమో చేసి, కుశలమడిగి, చేతనైనది స్వయంగా చేతికి అందించాలి.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇంటికి తిరిగి వచ్చాక మొదలవుతుంది. మూడు రోజులు తెల్లని దుప్పట్లు, పిలిస్తే పలికే సేవకులు అలవాటైన మనస్సుకు ఇంట్లో ప్రతిదీ లోపంగా తోస్తుంది. కూరలో ఉప్పు, గదిలో పిల్లల బొమ్మలు, ఆరని తువ్వాలు విసుగు కలిగిస్తాయి. హోటల్‌లో కాఫీ తెచ్చిన అపరిచితునికి ధన్యవాదాలు చెప్పిన నాలుక, ఏళ్ళ తరబడి వండి పెడుతున్న భార్య ముందు ఎందుకు మూగబోతుంది? అక్కడి సేవకు జీతం ఉంది. ఇక్కడి సేవకు ప్రేమ తప్ప వేరే కారణం లేదు. దైవప్రవక్త (స) ఇంటిపనుల్లో తమ కుటుంబీకులకు సహాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ప్రయాణపు సంచి విప్పి మన బట్టలు మనమే ఉతుక్కోవడంతో ఆ సున్నత్‌ను మొదలు పెట్టవచ్చు.

గది ఖాళీ చేసే వేళ హోటల్‌వారు ప్రతి పద్దు వ్రాసిన కాగితం మన ముందుంచుతారు. సంస్థ దాన్ని చెల్లిస్తుంది. కాని మరో లెక్కల దినాన పద్దులు మన ముందుకు వచ్చినప్పుడు, ఏ సంస్థా మన తరఫున చెల్లించదు. ఆనాడు సిగ్గుపడవలసిన పద్దు లేకుండా బ్రతికే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.