పేరు చెరపకండి

మొన్న సాయంత్రం బేగంపేటలో మా పక్కింటి కుర్రాడు అమీర్‌పేట మైత్రీవనంలో కంప్యూటర్ పాఠం ముగించుకుని వచ్చి, "మాస్టారూ, ఇక ప్రోగ్రాము నేను రాయనక్కరలేదు. అడిగితే యంత్రమే రాసిస్తుంది!" అన్నాడు.

"దానికా విద్య ఎలా అబ్బిందోయ్?"

"ఎందరో రాసి లోకానికి వదిలినవి చదివి నేర్చుకుందండీ."

అలా వదిలినవారిలో చాలామంది పెట్టిన షరతు ఒకటుంది: వాడుకోండి, మా పేరు మాత్రం చెరపకండి. 2021లో వచ్చిన గిట్‌హబ్ కోపైలట్ ఆ పేర్లను మింగేస్తున్నదని 2022 నవంబరులో కొందరు శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానంలో దావా వేశారు.

నన్నయ తనకు సాయపడిన నారాయణభట్టు పేరు భారతం మొదట్లోనే చెప్పుకున్నాడు. దాదాపు వెయ్యేళ్లుగా ఆ పేరు నిలిచింది.

అరువు తప్పు కాదు నాయనా, ఎవరిదో మరవడం తప్పు. పైగా రేపు ప్రోగ్రాము తప్పితే సంజాయిషీ యంత్రాన్ని అడగరు, నిన్నే అడుగుతారు!